అడవి బిడ్డల కోసం ప్రాణమిచ్చిన అల్లూరి: సంఘం ముందున్న ప్రశ్న

భద్రాచలం దాటితే వెంటనే ఎటపాక వస్తుంది. అదే అడవి, అవే కోయ పల్లెలు, రాష్ట్రం మాత్రం మారిపోతుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ప్రాంతమిది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఎటపాక, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలను అందులో చేర్చారు. ఈ పల్లెల్లో మన సంఘాలున్నాయి, మన కాపరులున్నారు. ఆ పేరు గల మనిషి ఎవరో, ఆయన జీవితం విశ్వాసులమైన మనల్ని ఏమి అడుగుతున్నదో ఆలోచించడం మంచిదని తలుస్తున్నాము.

ఆయన కథకు ముందు అడవి కథ తెలియాలి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చాయి. ఆ తరువాత పోడు మీద పన్ను దాదాపు మూడింతలైంది. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి వారు కూడా అందులో కలిశారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి కొట్టుకుని పండించుకున్న పోడు నేరమైంది. వంటచెరకు ఏరుకోవడానికీ, పశువులు మేపుకోవడానికీ అటవీ సిబ్బంది దయ కావలసి వచ్చింది. మన్యంలో ముఠాదారులకున్న పాత హక్కులు కూడా కుదించుకుపోయాయి. ఈ మంట ఆరకముందే అల్లూరి పుట్టారు.

1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి సూర్యనారాయణమ్మ పుట్టింట ఆయన జన్మించారు. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫరు. ఆయన చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. పినతండ్రి రామకృష్ణంరాజు తహసీల్దారు, ఆయన ఆదరణలో చదువు కొంతకాలం సాగింది గాని నిలవలేదు. మనసు భక్తి వైపు, తపస్సు వైపు లాగింది. ఉత్తర దేశ యాత్రలు చేసి, 1917లో కృష్ణదేవిపేట చేరి అక్కడే ఉండిపోయారు. మన్యం ప్రజలు ఆయనను సన్యాసిగా గౌరవించారు, వైద్యం కోసం, తగవుల తీర్పు కోసం ఆయన దగ్గరికి వచ్చారు.

సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో ఆయన గ్రామాలు తిరుగుతూ కల్లు, సారా మానమని చెప్పారు. కోర్టుల చుట్టూ తిరగక పంచాయతీలు పెట్టుకుని తగవులు తీర్చుకోమన్నారు. దొరతనం వారికి అనుమానం వచ్చి ఆయనను కొంతకాలం కట్టడిలో ఉంచారు. ఫజులుల్లా ఖాన్ అనే డిప్యూటీ కలెక్టరు మాత్రం ఆయన మంచితనం గుర్తించి సాయపడ్డారు. ప్రభుత్వంలో ఉండి కూడా న్యాయం చూడగలిగిన మనిషి ఒకరు ఉన్నారన్న సంగతిని మనం మరచిపోరాదు.

ఇక గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సంగతి వేరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండదారి రోడ్డు వేయడానికి గిరిజనులను బలవంతంగా తెచ్చి, కడుపు నిండని కూలి ఇచ్చి పని చేయించాడు. అర్జీలు పెట్టినా వినేవారు లేకపోయారు. గాము గంటందొర, మల్లుదొర వంటి నాయకులు అల్లూరి వెంట నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. తీసుకుపోయినవాటికి స్టేషనులోనే రాసి సంతకం పెట్టి వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. వారితో ఉన్న భారతీయ సిబ్బందిని వదిలిపెట్టారు. రంపచోడవరం, అడ్డతీగల, అన్నవరం ఆయన రాకను చూశాయి. మలబారు పోలీసులు, తరువాత అస్సాం రైఫిల్స్ మన్యంలో దిగారు. పల్లెలు నలిగిపోయాయి. 1924 మే 7న ఆయన పట్టుబడ్డారు. కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టి మేజర్ గుడాల్ కాల్పించాడు. విచారణ లేదు, తీర్పు లేదు. అప్పటికి ఆయన వయసు 27 నిండలేదు. మరుసటి నెలలో గంటందొర కూడా హతుడయ్యారు. మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో స్వతంత్ర భారత లోక్‌సభలో సభ్యుడయ్యారు.

అల్లూరి మన విశ్వాసంలో ఉన్నవారు కారు, ఆయనకు మన రంగు పూయనక్కరలేదు. ఆయన పట్టిన ఆయుధాన్ని సమాధాన ప్రభువు శిష్యులమైన మనం ఆశీర్వదించలేము. గాంధీజీ కూడా ఆయన ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకుంటూనే సాయుధ మార్గాన్ని ఒప్పుకోలేదు. కష్టపడుతున్న తన సహోదరుని చూసి సహించలేక మోషే ఐగుప్తీయుని చంపాడు. ఆ కోపం వెనుక న్యాయముంది గాని, విడుదల మాత్రం ఆ దెబ్బతో రాలేదు. దేవుడు అతనిని 40 ఏళ్ళు మిద్యానులో ఉంచి, చేతిలో కర్ర మాత్రమే పెట్టి పంపాడు.

అయితే కత్తిని తప్పు పట్టడంతో మన పని అయిపోలేదు. నాబోతు ద్రాక్షతోట కథ మన సంఘాల్లో ఎన్నోసార్లు ప్రసంగించాము. పితరుల స్వాస్థ్యాన్ని చట్టం పేరుతో, అబద్ధ సాక్ష్యంతో లాక్కున్న రాజు ముందుకు దేవుడు ఏలీయాను పంపాడు. మన్యంలో పోడు పోయినప్పుడు, పాలించినవారు క్రైస్తవులమని చెప్పుకున్నవారే. ఏలీయా వలె వారి ముందు నిలబడి గద్దించవలసిన బాధ్యత ఎవరిది? మన పితరులు చేసిన మేలు కూడా తక్కువ కాదు. దుమ్ముగూడెంలో 1860ల నుంచే చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని చేసింది. జాన్ కెయిన్ వంటివారు ఏళ్ళ తరబడి అక్కడే ఉండి కోయ భాషను, ఆచారాలను శ్రద్ధగా తెలుసుకున్నారు. ఆ ప్రేమ నిజమైనది. ఒకరి భాష నేర్చుకునే ప్రేమ, వారి భూమి కోసం అధికారి ముందు నోరు తెరిచే ధైర్యంగా కూడా ఎదగాలి.

ఈ ప్రశ్న పాతబడలేదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుల హక్కును గుర్తించింది. తెలంగాణలో 2023లో పోడు పట్టాలు పంచారు. అయినా ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల గూడేలకు పట్టా లేదు, రేపటి మీద భరోసా లేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో, పోడు తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి గొత్తికోయల చేతిలో హత్యకు గురయ్యారు. ఆ అధికారి ఇంట ఏడ్చినవారి కన్నీళ్ళు దేవునికి ప్రియమైనవి. ఆ గూడెంలో భయంతో, ఆకలితో పడుకున్న పిల్లల కన్నీళ్ళు కూడా ఆయనకు ప్రియమైనవే. రెండింటినీ ఒకే ప్రార్థనలో మోయగలిగేది సంఘం ఒక్కటే.

కాబట్టి అడవి అంచున ఉన్న ప్రతి సంఘాన్ని వేడుకుంటున్నాము. చదువుకున్న యౌవనులు గ్రామసభకు వెళ్ళండి, పట్టా దరఖాస్తు రాయలేని వారికి రాసిపెట్టండి. మనవారు కాని గూడెం వారికీ రాసిపెట్టండి. మీ సంఘంలో అటవీ శాఖ ఉద్యోగి ఉంటే ఆయన కోసం ప్రార్థించండి, నీతిగా ఉండమని ప్రేమతో చెప్పండి. సారా మాన్పించే పని అల్లూరి చేశారు, మనం ఇంకా ఎక్కువగా చేయవలసి ఉంది. అర్జీలు విననందువల్లే ఆనాడు తుపాకులు లేచాయి. పేదవాని అర్జీ వినబడేలా చేసే సంఘం, మరో యౌవనుని చేయి ఆయుధం వైపు వెళ్ళకుండా ఆపుతుంది. సమాధానపరచువారిగా మనల్ని పిలిచిన ప్రభువు ఆ కృపను మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.