దఫ్తరులను తీర్చిన దివాను – మొదటి సాలార్‌జంగ్

సాలార్‌జంగ్ అనగానే మన విద్యార్థుల మనస్సులో ముందుగా మెదిలేది మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియం. మేలిముసుగు రెబెక్కా శిల్పాన్నీ, గంటలు కొట్టే గడియారాన్నీ చూచి ఆనందించి వచ్చినవారిలో, ఆ బిరుదు వహించిన దివానులు వరుసగా మూడు తరాలవారని ఎరిగినవారు తక్కువ. మ్యూజియంలోని వస్తువులలో అధిక భాగాన్ని సేకరించినది మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. రెబెక్కాను 1876లో రోము నగరంలో కొన్నది మాత్రం ఆయన తాతగారైన మొదటి సాలార్‌జంగ్ నవాబ్ మీర్ తురాబ్ అలీఖాన్. ఆ తాతగారు మనకు విడిచివెళ్ళిన అసలైన ఆస్తి అద్దాల బీరువాలలో లేదు. అది మన జిల్లా కచేరీలలో, తహసీలు కార్యాలయాలలో, నగర పురపాలక వ్యవస్థలో ఉన్నది. ఒక పాత ప్రభుత్వ యంత్రాంగాన్ని, అందులో పనిచేసే వేలాది మందిని, ఆయన క్రొత్త దారిలోకి ఎట్లా నడిపించారన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయం.

మీర్ తురాబ్ అలీఖాన్ 1829లో జన్మించారు. వారిది నిజాం కొలువులో తరతరాలుగా దివానుగిరీ చేసిన ఇల్లు. పసితనంలోనే తండ్రిని కోల్పోవడం వలన ఆయన పెద్దల పోషణలో, ముఖ్యంగా పినతండ్రి సిరాజుల్‌ముల్క్ నీడలో పెరిగారు. యౌవనారంభంలో కొంతకాలం ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా పనిచేశారు. దేవిడీ గోడల మధ్య పెరిగిన నవాబుకు పల్లెల లెక్కలు, శిస్తు వసూళ్ళు, కరణాల కవిలెలు దగ్గరగా చూచే అవకాశం అక్కడ లభించింది. పరిపాలనను క్రింది మెట్టు నుండి చూచిన ఆ అనుభవమే ఆయన తరువాతి పనులన్నింటికీ పునాది అయినదని మా అభిప్రాయం.

1853 మే నెలలో రెండు పిడుగులు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. కంపెనీ వారి సైన్యపు ఖర్చుల బాకీ క్రింద సారవంతమైన బేరారు ప్రాంతం నిజాం చేతినుండి జారిపోయింది. ఆ ఒడంబడిక జరిగిన కొద్ది రోజులకే దివాను సిరాజుల్‌ముల్క్ మరణించారు. ఆ పదవి ఇరువది నాలుగేండ్ల తురాబ్ అలీఖాన్‌కు దక్కింది. పదవి దక్కినదనుటకంటె భారం మీద పడినదనుట సమంజసం. ఖజానా వట్టిపోయింది. నిజాం నగలు సైతం కుదువకు పోయాయి. అప్పులిచ్చిన సాహుకారులూ, అరబ్బు జమాదారులూ తాలూకాలనే తాకట్టు పట్టి ఏలుకొంటున్నారు. సైనికులకు జీతాలు బకాయి పడ్డాయి. శిస్తు వసూలు చేసే తాలూక్‌దారులు చాలవరకు గుత్తేదారులే. సర్కారుకు ఇంత అని ఒప్పుకొని, రైతు నుండి ఎంత పిండుకొన్నా అడిగేవారు లేరు.

ఇట్టి స్థితిలో ఉత్సాహవంతుడైన యువకుడెవరైనా ముందుగా పాత దఫ్తరులను మూసి, పాత ఉద్యోగులను ఇంటికి పంపి, క్రొత్త పలకపై వ్రాయవలెనని తలచి ఉండవచ్చును. సాలార్‌జంగ్ అట్లా చేయలేదు. నాడు రాజ్యపు లెక్కలన్నీ దఫ్తర్-ఎ-దివానీ, దఫ్తర్-ఎ-మాల్ అనే రెండు పాత దఫ్తరులలో ఉండేవి. వాటి బాధ్యత మహారాష్ట్ర బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాలకు వంశపారంపర్యంగా సంక్రమించింది. ఏ జాగీరు ఎవరిది, ఏ ఇనాముకు ఏ సనదు ఆధారం అన్నది వారి కాగితాలకు, వారి జ్ఞాపకానికి మాత్రమే తెలుసు. దివాను వారి హోదాను తీసివేయలేదు, వారి ఇండ్ల గౌరవానికి భంగం కలిగించలేదు. ఆ దఫ్తరుల ప్రక్కనే క్రొత్త కార్యాలయాలను నెలకొల్పి, క్రొత్త పనులను క్రొత్త కార్యాలయాలకు అప్పగిస్తూ వచ్చారు. నది పాయ మార్చుకొన్నట్లు, అధికారం మెల్లమెల్లగా పాత దఫ్తరుల నుండి క్రొత్త కచేరీలకు ప్రవహించింది.

ఆయన మొదట చేతబట్టినది ఖజానా. 1855లో హైదరాబాదులో కేంద్ర ఖజానా ఏర్పడింది. రాబడి ఎవరి ఇంటికో చేరక సర్కారు ఖజానాకు చేరడం, అక్కడినుండి లెక్క ప్రకారం ఖర్చు కావడం మొదలయింది. ఇది వినడానికి చిన్న విషయంగా తోచవచ్చు. కాని నియమిత కాలంలో జీతం చేతికందని ఉద్యోగికి ఎంత మంచి నిబంధన చెప్పినా అది చెవికెక్కదు. పని ఎట్లా చేయవలెనో చెప్పడానికి ముందు, చేసిన పనికి ప్రతిఫలం నిశ్చయంగా అందేటట్లు చూడవలెనన్న సూత్రాన్ని ఆయన గ్రహించారు. అరబ్బు జమాదారుల వద్ద తాకట్టులో ఉన్న తాలూకాలను కూడా బాకీలు తేల్చుతూ క్రమంగా విడిపించారు.

ఈ పనులు పూలబాటపై సాగలేదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన ప్రజలు రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు దివాను ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. ఆ నిర్ణయాన్ని నేటికీ పలువురు హర్షించరు, అది సహజమే. దాని ఫలితంగా 1860లో రాయచూరు దోఆబు, నల్‌దుర్గం తిరిగి నిజాముకు లభించాయి, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. ఆ వెసులుబాటే సంస్కరణలకు ఊపిరి పోసింది. 1859లోనూ, 1868లోనూ ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగాయి. దర్బారులోని ప్రత్యర్థులు ఆయనను పదవి నుండి తొలగింపజేయడానికి చేయని యత్నం లేదు. అయినను చేపట్టిన పని ఆగలేదు.

1864లో మాల్గుజారీ వ్యవహారాలకు ఒక మజ్లిస్ ఏర్పడింది. 1865లో జిల్లాబందీ జరిగింది. రాజ్యాన్ని జిల్లాలుగా, జిల్లాలను తాలూకాలుగా విభజించి, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారును, ఆయన క్రింద ద్వితీయ, తృతీయ తాలూక్‌దారులను, తాలూకాకు తహసీల్దారును నియమించారు. తాలూక్‌దారు అన్న పాత పేరే నిలిచింది గాని, ఆ పేరు వెనుక ఉన్న మనిషి మారిపోయాడు. నిన్నటి తాలూక్‌దారు గుత్తేదారు, నేటి తాలూక్‌దారు జీతగాడు. నిన్న వసూలులో మిగిలినది అతని సొంతం, నేడు ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసినవాడు. అలవాటైన పేరును నిలిపి దాని అర్థాన్ని మార్చిన ఈ యుక్తిని మన విద్యార్థులు గమనించవలెను. క్రొత్త పదవికి క్రొత్త పేరు పెట్టి ఉంటే ఎంత అలజడి పుట్టేదో!

ఇక నగరం సంగతి. నాడు హైదరాబాదు నగరపు మంచి చెడ్డలు కొత్వాలు చేతిలో ఉండేవి. దొంగను పట్టేదీ, వీథిని చూచేదీ ఆ ఒక్క అధికారమే. 1869లో సాలార్‌జంగ్ నగరానికి పురపాలనను ప్రవేశపెట్టారు. నగరాన్ని నాలుగు భాగాలుగా విభజించారు, శివారు ప్రాంతాలకు వేరుగా విభాగాలు ఏర్పరిచారు. ఆ ఏర్పాటులో మొదటి అజమాయిషీని కొత్వాలుకే ఉంచారు. అదే సంవత్సరంలో పురపాలన, రోడ్ల నిర్వహణకు ఒక శాఖ నెలకొని, హైదరాబాదు, చాదర్‌ఘాటు బోర్డులకు మునిసిపల్ కమిషనరు నియామకం జరిగింది. నాటి నగర విస్తీర్ణం సుమారు 55 చదరపు కిలోమీటర్లు, జనాభా 3.5 లక్షలు.

ఈ క్రమంలో ఒక వివేకం కనిపిస్తున్నది. నిన్నటివరకు కొత్వాలు హుకుముకు తలవంచిన నౌకరును ఒక్క ఉదయాన మరొకరి ఎదుట నిలబెడితే అతడు ఇద్దరికీ చెందనివాడవుతాడు. పాత అధికారి పర్యవేక్షణ నీడలోనే క్రొత్త శాఖను మొలకెత్తించి, అది వేరూనిన తరువాత దానికి స్వతంత్రమైన నడక నేర్పడం క్షేమకరం. 1868 ప్రాంతంలో న్యాయం, మాల్గుజారీ, పోలీసు, ఇతర వ్యవహారాలు అని నాలుగు శాఖలకు నలుగురు సదరుల్‌మహాములను నియమించడంలోనూ ఈ దృష్టియే ఉన్నది. పురపాలన, విద్య, వైద్యం మొదలైనవి ఆ నాలుగవ శాఖలో చేరాయి. ఎవరి పని ఏది, ఎవరు ఎవరికి జవాబు చెప్పవలెను అన్న ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం లభించింది.

అయితే ఈ పద్ధతికి చెల్లించిన మూల్యాన్ని కూడా మేము దాచరాదు. పాతదానిని కూల్చక క్రొత్తదానిని ప్రక్కన నిలబెట్టడం వలన రెండు వ్యవస్థలు చాలాకాలం జంటగా సాగాయి. పాత దఫ్తరుల కుటుంబాలకు గౌరవం మిగిలింది గాని పని తగ్గిపోయింది. క్రొత్త కచేరీలకు కావలసిన శిక్షణ స్థానికులకు చాలినంత లేనందున, దివాను ఉత్తర హిందూస్థానం నుండి సమర్థులను రప్పించారు. 1870 తరువాత సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహసినుల్‌ముల్క్‌గా ప్రసిద్ధులైన సయ్యద్ మెహదీ అలీ, చిరాగ్ అలీ మొదలైనవారు అట్లా వచ్చినవారే. వారి ప్రతిభ నిస్సందేహం. కాని ఈ గడ్డపై పుట్టినవారి మనస్సులో తమ అన్నం మరొకరి విస్తరిలో పడుతున్నదన్న బాధ అప్పుడే అంకురించింది. ముల్కీ, గైర్‌ముల్కీ అన్న ఆ భేదం తరువాత ఎంత పెద్ద వృక్షమయినదో 1952, 1969 సంవత్సరాల ఉద్యమాలను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

భాష విషయంలోనూ ఇట్టిదే జరిగింది. దివాను జీవించి ఉన్నంతవరకు పై కచేరీలలో ఫారసీయే చెల్లింది. ఆయన కుమారుడు దివాను అయిన తరువాత, 1884 నుండి ఉర్దూ ఆ స్థానానికి వచ్చింది. పల్లె లెక్కలు మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడాలలో నడిచాయి. పై మెట్టు భాష ఒకటి, క్రింది మెట్టు భాష మరొకటి అయినచోట, రెండూ నేర్చిన గుమాస్తాయే ప్రభుత్వానికీ ప్రజకూ నడుమ వంతెన. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఒకే ప్రాంగణంలో చదువుకొంటున్న మన విద్యార్థులకు ఈ వంతెన విలువను వేరుగా వివరించనవసరం లేదు.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ ఆకస్మికంగా కన్నుమూశారు. ఆయన వయస్సు 54 ఏండ్లు. దాయరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉన్నది. ఆయన నాటిన పురపాలక వృక్షం తరువాత ఎన్నో కొమ్మలు వేసింది. 1886లో చాదర్‌ఘాటు వేరు మునిసిపాలిటీ అయింది, 1933లో తిరిగి హైదరాబాదుతో కలిసింది. 1960లో సికింద్రాబాదు, హైదరాబాదు కార్పొరేషన్లు ఒకటయ్యాయి. 2007లో 12 పురపాలక సంఘాలు చేరి గ్రేటర్ హైదరాబాదు ఏర్పడింది. 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. ఇట్టి మార్పు జరిగిన ప్రతిసారీ ఉద్యోగి హృదయంలో లేచే ప్రశ్నలు అవే: నా పై అధికారి ఎవరు? నా జీతం ఏ పద్దులో వస్తుంది? ఇన్నాళ్ళ నా సేవ లెక్కకు వస్తుందా?

మన విద్యార్థులలో పలువురు రేపు ఏదో ఒక కార్యాలయంలో బల్ల ముందు కూర్చుంటారు. కొందరు ఆ బల్లలను ఎక్కడ వేయవలెనో నిర్ణయించే స్థానానికీ ఎదుగుతారు. అప్పుడు చేతిలోని పటం మీద గీతలు గీయడం సులభమనీ, ఆ గీతల మధ్య బ్రతికే మనుషులకు ఈ మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పడమే కష్టమనీ గుర్తుంచుకొనవలెను. మొదటి సాలార్‌జంగ్ ముప్పది ఏండ్లు ఆ కష్టాన్ని ఓర్చుకొన్నారు. కొన్ని జవాబులు ఆయన చెప్పగలిగారు, కొన్నింటిని తరువాతి తరాలకు బాకీగా విడిచారు. ఆ బాకీ తీర్చవలసినవారు మన తరగతి గదులలోనే కూర్చొని ఉన్నారని మా నమ్మకం.