కొలతల మనిషి నేర్చుకున్న అప్పగింత

జనవరి వస్తుందంటే మన సంఘాల్లో ప్రణాళికలు మొదలవుతాయి. ఉజ్జీవ సభలు ఏ నెలలో, ప్రసంగీకుడెవరు, ఈ ఏడాది ఎన్ని బాప్తిస్మాలు, కానుకలు ఎంత? అన్నీ కాగితం మీద పెట్టుకుని, చివర్లో ఒక ప్రార్థన చేసి, వీటిని ఆశీర్వదించమని దేవుణ్ణి అడుగుతాం. కాపరిగా నేనూ ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఇదే. మన కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించుకోవడం ఒకటి, తెల్ల కాగితం ఆయన చేతికివ్వడం మరొకటి. ఈ రెంటికీ తేడా మన నేల మీదే నేర్చుకున్న ఒకాయన జీవితాన్ని ఈ వారం తలచుకుందాం. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంతపు పెద్దలకు క్లౌ దొర.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. పడమటి ప్రాంతాలకు తరలివెళ్లిన రైతు కుటుంబం ఆయనది. కుర్రతనంలోనే సర్వే బృందాలతో కలిసి అడవులు, మైదానాలు కొలిచాడు. గొలుసు పట్టి హద్దులు గీయడం, అనుకున్న గీత తప్పకుండా ముందుకు సాగడం ఆ వయసులోనే ఒంటబట్టింది. లాయరు కావాలన్నది ఆయన కోరిక. అయోవాలోని బర్లింగ్టన్‌లో చదువుతున్న రోజుల్లో ప్రభువు ఆయనను పట్టుకున్నాడు. మొదటి ప్రణాళిక అక్కడ పోయింది.

ఆయనను పంపిన మిషను పరిస్థితి కూడా తెలుసుకోవాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. పాతికేళ్లు గడిచినా ఫలం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మూసేద్దామన్న మాట అక్కడి సభల్లో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చింది. లెక్కల ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు. లైమన్ జూయెట్ అనే మిషనరీ మాత్రం ఒప్పుకోలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. అక్కడ మోకరించిన ఆ అయిదుగురి చేతిలో ఏ ప్రణాళికా లేదు. పదేళ్ల తర్వాత, 1864 చివర్లో, జూయెట్‌తో కలిసి ఓడ ఎక్కిన యువకుడే క్లౌ. 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

క్లౌకు ఒక ఆలోచన ఉంది. ఊళ్లో చదువుకున్నవాళ్లు, అగ్రకులాల పెద్దలు ముందు వస్తే మిగిలినవాళ్లు వెనకే వస్తారన్నది అప్పట్లో చాలామంది మిషనరీల లెక్క. అందుకు తగ్గట్టే ఆయన బడిలో అగ్రకులాల పిల్లలు చేరారు, పెద్దలు వచ్చి మాట్లాడసాగారు. గీత తిన్నగానే సాగుతోంది. ఇంతలో దేవుడు వేరే తలుపు తెరిచాడు. తాళ్లకొండపాడు వాడైన యర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. సువార్త విని నమ్మి, తన వాళ్లందరికీ చెప్పాడు. ఆయన మాట మీద మాదిగపల్లెల నుంచి జనం రాసాగారు. పెద్దలు వచ్చి క్లౌకు తేల్చి చెప్పారు: వీళ్లను చేర్చుకుంటే మేము రాము.

ఆయన, భార్య హ్యారియెట్ పెద్ద కలతలో పడ్డారు. ఆ రోజు ఆయన తన గదిలో ఒక బైబిలు తీసి తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయం 26వ వచనం దగ్గర కళ్లు పడ్డాయి. లోకం ఎన్నికలేనివారుగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే భాగమది. భార్య దగ్గరికి వెళ్తే, ఆమె కూడా వేరే బైబిల్లో అదే భాగం చదివి ఉంది. బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అక్కడే జవాబు వెతకమని నేను చెప్పడం లేదు. ఆ వచనాలు ఆయనకు అంతకుముందే తెలుసు. ఆ రోజు వాటికి లోబడ్డాడు, అదీ విశేషం. మాదిగలను చేర్చుకున్నాడు. అగ్రకులాల పిల్లలు బడి విడిచి వెళ్లిపోయారు. ఆయన గీసుకున్న పటం చెరిగిపోయింది.

తర్వాత 1876-78 నాటి గొప్ప కరవు వచ్చింది. క్లౌ చేతులు ముడుచుకు కూర్చోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇప్పించాడు. కుర్రతనంలో నేర్చిన కొలతల విద్య అక్కడ అక్కరకొచ్చింది. దేవుడు మన నేర్పును పారేయడు, తన చోట వాడుకుంటాడు. పనివాళ్ల మధ్య తెలుగు బోధకులు ఉండి సువార్త చెప్పారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. తిండి కోసం అడుగుతున్నారేమోనన్న భయంతో ఆయన పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. సాయం పని ముగిశాక, 1878 జూన్‌లో బోధకులను గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మని, జనాన్ని మాత్రం తీసుకురావద్దని కబురంపాడు. జనం ఆగలేదు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా కదల్లేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం ఇవ్వండని నిలబడ్డారు. ఆయన కట్టిన గట్టు తెగింది.

1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. ఆ ఏడు ముగిసేలోగా ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. మూసేద్దామనుకున్న మిషనులో ప్రపంచంలోకెల్లా పెద్ద సంఘాల్లో ఒకటి నిలబడింది. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశాడు.

ప్రియ పాఠకులారా, అప్పగించుకోవడమంటే పని మానుకోవడం కాదని ఆ కాలువ గట్టు చెబుతుంది. క్లౌ విడిచింది పనిని కాదు, ఎవరు ముందు రావాలి, ఎప్పుడు రావాలి అని తేల్చే అధికారాన్ని. మనకు కష్టమయ్యేదీ అదే. ఉద్యోగం, పిల్లల పెళ్లిళ్లు, వీసా... వీటిని దేవుని చేతిలో పెడుతున్నామని సాక్ష్యం చెబుతాం. కానీ మన బల్లమీద మన పక్కన ఎవరు కూర్చోవాలి, మన సంఘంలో పెద్దరికం ఎవరిది, మన ఇంటి సంబంధం ఏ కులంలో అన్న మాట వచ్చేసరికి గొలుసు మళ్లీ మన చేతిలోకి వస్తుంది. ఆ తలుపు దగ్గర వెళ్లిపోతామని బెదిరించేవాళ్లు నేటికీ ఉన్నారు, వారిలో పెద్ద కానుకలిచ్చేవారూ ఉంటారు. క్లౌ వాళ్లను వెళ్లనిచ్చాడు.

ఈ నూతన సంవత్సర ప్రణాళిక రాసేముందు మీ కమిటీ ఒక్క ప్రశ్న అడగనీయండి: ప్రభువు మేము అనుకోని మనుషులను మా గుమ్మంలోకి పంపితే, మా కాగితం చించుకోవడానికి సిద్ధమేనా? ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ప్రార్థన ముగించకండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.