చిట్టెలుకల వంశకర్త

ధాన్యపు గాదెలకు కన్నము వేయు ఎలుకను చూచి కోపగింపని గృహస్థుడుండడు. అట్టి అల్పప్రాణియే నేడు ప్రపంచమందలి వైద్యపరిశోధనాలయములలో మానవునకు మిక్కిలి తోడ్పడుచున్నది. దానికా స్థానమును కల్పించినవారిలో ముఖ్యుడు క్లారెన్స్ కుక్ లిటిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు.

లిటిల్ 1888వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన మాసచూసెట్సు రాష్ట్రములోని బ్రూక్‌లైన్ పట్టణమున జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, విలియం కాసిల్ అను ఆచార్యుని కడ అనువంశికశాస్త్రము నభ్యసించెను. తల్లిదండ్రుల గుణములు బిడ్డలకెట్లు సంక్రమించునో తెలుపు ఆ శాస్త్రము అప్పటికింకను బాల్యదశలో నుండెను. చిట్టెలుకల రోమముల రంగు తరతరములకు ఎట్లు దిగివచ్చునో పరిశీలించుట లిటిల్ చేపట్టిన పని.

ఇట్టి పరిశోధనలలో ఒక చిక్కు కలదు. ఒకే మందును రెండు ఎలుకలకిచ్చినప్పుడు ఒకటి బ్రదికి వేరొకటి చచ్చినచో, ఆ భేదము మందువలన కలిగినదో పుట్టుకవలన కలిగినదో చెప్పుటెట్లు? పలురకముల విత్తనములు కలిపి చల్లిన పొలములో ఎరువు గుణమును నిర్ణయింపజాలము గదా! విత్తనమొక్కటే యైనప్పుడు గాని ఆ గుణము తేటపడదు. అట్లే, పుట్టుకలో ఒకదాని నొకటి పూర్తిగా పోలిన చిట్టెలుకలు కావలెనని లిటిల్ తలచెను.

1909లో, ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, ఆయన అందుకు పూనుకొనెను. తోబుట్టువులైన మగ ఆడ ఎలుకలను జతపరచి, వాని పిల్లలను మరల అట్లే జతపరచుచు పోయెను. ఇట్లు చేసినచో తరతరమునకు జన్యుభేదములు తగ్గును. 20 తరములు గడచునప్పటికి నూటికి 98 పాళ్ళకు పైగా భేదములు తొలగి, ఆ వంశములోని ఎలుకలన్నియు కవలపిల్లలవలె ఏకరూపమగును. కాని ఇంత దగ్గర సంబంధమువలన సంతతి క్షీణించి, వంశమే నశించునని పలువురు తలచిరి. ఆ భయము నిష్కారణము కాదు. అట్టి ప్రయత్నములలో పెక్కు వంశములు అంతరించుట కలదు. అయినను లిటిల్ ఓర్పు వీడలేదు. ఆయన నిలిపిన తొలి శుద్ధవంశమునకు, దాని మూడు వర్ణజన్యువుల సంకేతాక్షరములను బట్టి, డి.బి.ఏ. అను పేరు వచ్చెను.

ఆ దినములలో గ్రాన్బీ గ్రామమున ఆబీ లాత్రాప్ అను మహిళ చిట్టెలుకలను పెంచి విక్రయించుచుండెను. పూర్వము బడిపంతులమ్మగా పనిచేసిన ఆమె, తన ఎలుకలలోని కంతులను గూర్చి స్వయముగా పరిశోధనలు కూడ సాగించెను. ఆమె 1918లో గతించెను. ఆమె మందకు చెందిన 57వ సంఖ్య గల ఆడు ఎలుకనుండి లిటిల్ 1921లో ఒక నల్లని వంశమును ప్రారంభించెను. సి57 బ్లాక్ అను ఆ వంశము నేడు లోకమందంతట వ్యాపించియున్నది.

ఈ రెండు వంశములకు గల భేదములు వింతగొల్పును. గంట గట్టిగా మ్రోగినచో డి.బి.ఏ. పిల్లలు మూర్ఛిల్లి పడును. నల్ల ఎలుకలు చలింపవు. సారాయి కలిపిన నీటిని నల్ల ఎలుకలు ఇష్టముగా త్రాగును, డి.బి.ఏ. ఎలుకలు దానిని ముట్టవు. క్రొవ్వు మెండుగా గల ఆహారము పెట్టినచో నల్ల ఎలుకలు స్థూలించి, మధుమేహలక్షణములు పొందును. గూడు, మేత, నీరు సమానముగా నుండగా ఇట్టి భేదములు కనబడినచో, వానికి కారణము పుట్టుకయే యని నిశ్చయింపవచ్చును.

లిటిల్ 1922లో మెయిన్ విశ్వవిద్యాలయమునకును, 1925లో మిషిగన్ విశ్వవిద్యాలయమునకును అధ్యక్షుడయ్యెను. పాలకమండలితో పొసగక 1929లో ఆ పదవిని వీడి, బార్ హార్బర్ అను సముద్రతీరగ్రామమున జాక్సన్ పరిశోధనాలయమును స్థాపించెను. మనవారు రాచపుండని పిలుచు కాన్సరు వ్యాధి మూలములను కనుగొనుట దాని లక్ష్యము. ఆ యేడే ఆర్థికమాంద్యము దాపురించి, దాతల ధనము సన్నగిల్లెను. అప్పుడు ఎలుకలను ఇతర పరిశోధనాలయములకు విక్రయించి సంస్థను నిలుపుకొనిరి.

అచ్చటనే ఒక విశేషము బయల్పడెను. స్తనములకు కాన్సరు తరచుగా వచ్చు వంశపు పిల్లలను, ఆ వ్యాధి లేని వంశపు తల్లికడ పాలు త్రాగించినచో, వానిలో పెక్కింటికి వ్యాధి రాకుండెను. జాన్ బిట్నర్ 1936లో దీనిని ప్రకటించెను. తల్లిపాలలో నుండు వైరసే అందుకు హేతువని పిమ్మట తేలెను. పుట్టుకయే సర్వము కాదని ఎలుకలు చెప్పినట్లయ్యెను.

1947 అక్టోబరులో అడవినుండి వ్యాపించిన అగ్ని ఆ పరిశోధనాలయమును దహించెను. వేలకొలది ఎలుకలు మాడి చనిపోయెను. దాదాపు 40 ఏండ్ల కృషి బూడిదయైనట్లే తోచెను. కాని అంతకుపూర్వము ఆ ఎలుకలను పొందిన శాస్త్రజ్ఞులు వాని సంతతిని తిరిగి పంపిరి. ఒకే వంశపు ఎలుకలన్నియు ఏకరూపములు గావున, పోయిన వంశములు మరల నిలిచెను. ఒరులకు పంచిన విత్తనమే ఆపత్కాలమున గాదెను నింపెను.

లిటిల్ చరిత్రలో ఒక మచ్చయు కలదు. 1954లో ఆయన పొగాకు కంపెనీలు నెలకొల్పిన పరిశోధకసంఘమునకు శాస్త్రవిషయములలో పెద్దయయ్యెను. ఊపిరితిత్తుల కాన్సరుకు సిగరెట్టు పొగ కారణమని నిరూపణ కాలేదని వాదించుచు, దేహతత్త్వమునకే ప్రాధాన్యమిచ్చెను. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక పొగయే కారణమని ప్రకటించినను, ఆయన తన మాట మార్చుకొనలేదు. తల్లిపాల విషయమున తన సంస్థయే నేర్పిన పాఠమును ఆయన మరచెను. 1971 డిసెంబరు 22వ తేదీన లిటిల్ మరణించెను.

2002లో చిట్టెలుక జన్యుక్రమమును ప్రకటించిన శాస్త్రజ్ఞులు అందుకెన్నుకొన్నది ఆయన నల్లవంశమునే. పండితులు సైతము పక్షపాతమునకు లోనగుదురు. కాని ఆ చిట్టెలుకలు ఏ పక్షమును వహింపవు. ఎవరు సరిగా ప్రశ్నించినను నిజమునే బదులు చెప్పును.