పిల్లల బండితో మైదానానికి

ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకా ఆటలేంటని మనవాళ్లే కాదు, 1948లో నెదర్లాండ్స్‌లోనూ అన్నారు. పిల్లల్ని చూసుకోక పొట్టి నిక్కరుతో పరుగులేంటని ఫానీ బ్లాంకర్స్-కోయెన్‌కి ఉత్తరాలే రాశారు. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్లు.

భర్త యాన్ బ్లాంకర్సే కోచ్. సాధనకి పిల్లల్నీ వెంట తీసుకెళ్లేది. వాళ్లు ఇసుకలో ఆడుకుంటుంటే ఈవిడ పరుగెత్తేది. వంటా, ఇంటిపనీ మామూలే. ఇప్పటిలా ప్రొటీన్ డబ్బాలెక్కడివి? జర్మన్ల ఆక్రమణలో తిండికే కటకట. ఆ రోజుల్లోనే, 1943లో, హైజంప్‌లో 1.71 మీటర్లు, లాంగ్‌జంప్‌లో 6.25 మీటర్లతో ప్రపంచ రికార్డులు పెట్టింది!

లండన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు, 80 మీటర్ల హర్డిల్స్ గెలిచాక పిల్లల మీద బెంగతో ఏడ్చేసింది. ఇక పరుగెత్తను, ఇంటికెళ్లిపోతానంది. నాకు ఆవిడ పతకాలకన్నా ఈ ఏడుపే దగ్గరగా అనిపిస్తుంది. యాన్ నచ్చజెప్పాడు. కళ్లు తుడుచుకుని వెళ్లి, తడిసిన ట్రాక్ మీద 200 మీటర్లు 0.7 సెకన్ల తేడాతో గెలిచింది. రెయిన్‌కోటు కొనుక్కోవడానికి బజారుకెళ్లి రిలేకి దాదాపు ఆలస్యం చేసినా, ఆ స్వర్ణమూ వచ్చింది. మొత్తం నాలుగు.

1999లో శతాబ్దపు ఉత్తమ మహిళా అథ్లెట్‌గా ఎంపికై, 2004లో కన్నుమూసింది. లండన్ నుంచి తిరిగొచ్చాక ఆమ్‌స్టర్‌డామ్‌లో గుర్రబ్బండి మీద ఊరేగించారు. ఇరుగుపొరుగు వాళ్లయితే, ఇక అంత పరుగులక్కర్లేదంటూ ఓ సైకిల్ కొనిచ్చారు.