స్కీయింగ్ రేసులకు రూల్స్ రాసినాయన పుట్టింది మద్రాసులోనే.. ఆర్నాల్డ్ లన్ కథ ఇదీ

విశాఖపట్నం: వైజాగ్ వాళ్లకి మంచు అంటే లంబసింగి పొగమంచే. డిసెంబర్ వచ్చిందంటే చాలు, తెల్లారకముందే బయల్దేరతాం. అక్కడో వేడి టీ తాగుతాం, నాలుగు రీల్స్ తీసుకుంటాం, ఎండెక్కేసరికి తిరుగు ప్రయాణం. కానీ యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో మంచు అలా ఎండకి కరిగిపోయే రకం కాదు. నెలల తరబడి గడ్డకట్టి ఉంటుంది. కాళ్లకి పొడవాటి పలకలు కట్టుకుని దాని మీద కొండ పైనుంచి కిందికి జారడమే స్కీయింగ్.

ఆల్ప్స్‌లో స్కీయింగ్ టూర్ అంటే ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. ట్రైన్, హోటల్ అన్నీ ఒకే ప్యాకేజీలో ఉంటాయి. కొత్తవాళ్లని ఒక గ్రూప్‌గా, కాస్త వచ్చినవాళ్లని ఇంకో గ్రూప్‌గా విడగొడతారు. ప్రతి గ్రూప్‌కీ ఓ ఇన్‌స్ట్రక్టర్. చివర్లో చిన్న రేసు కూడా ఉంటుంది. ఈ మొత్తం సిస్టమ్ వెనక ఓ తండ్రీకొడుకులు, వాళ్లతో పాటు ఓ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. ఆ కొడుకు పేరు ఆర్నాల్డ్ లన్. ఆయన పుట్టింది స్విట్జర్లాండ్‌లో కాదు, మన మద్రాసులో!

మద్రాసులో మొదలైన కథ

ఆర్నాల్డ్ లన్ 1888 ఏప్రిల్ 18న మద్రాసులో పుట్టారు. అప్పటికి మన విశాఖపట్నం కూడా మద్రాస్ ప్రెసిడెన్సీలో ఓ జిల్లానే. విశాఖ పోర్టు రావడానికి ఇంకా 45 ఏళ్ల టైం ఉంది.

తండ్రి హెన్రీ లన్ డాక్టర్. క్రైస్తవంలోని మెథడిస్ట్ శాఖ తరఫున మిషనరీగా 1887లో ఇండియాకి వచ్చారు. ఇక్కడి వాతావరణం ఆయన ఒంటికి పడలేదు. ఏడాది తిరిగేసరికి ఆరోగ్యం దెబ్బతింది. నెలల పసివాడైన ఆర్నాల్డ్‌ని తీసుకుని కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది.

హెన్రీ అక్కడితో ఊరుకోలేదు. ఇండియాలో మిషనరీలు మరీ దర్జాగా బతుకుతున్నారని విమర్శించారు. దాంతో పెద్ద రచ్చే జరిగింది. వచ్చిన పని మధ్యలో ఆగిపోయింది, సొంత సంస్థలోనే ఆయన ఒంటరి అయ్యారు. కొన్నేళ్లకి ఆ సంస్థ నుంచే బయటికి వచ్చేశారు.

చర్చి మీటింగ్ నుంచి ట్రావెల్ బిజినెస్

ఇక్కడే కథ మలుపు తిరిగింది. వేర్వేరు చర్చిల పెద్దల్ని ఒకచోట కూర్చోబెట్టాలని హెన్రీ 1892లో స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో సమావేశాలు మొదలుపెట్టారు. అంతమందికి రైలు టికెట్లు, హోటల్ గదులు, భోజనాలు అన్నీ ఆయనే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. చర్చిలు కలిశాయో లేదో గానీ, గ్రూపుల్ని ఆల్ప్స్‌కి తీసుకెళ్లడం ఎలాగో హెన్రీకి బాగా తెలిసొచ్చింది. అదే ఆయనకి వ్యాపారమైంది.

అప్పటిదాకా ఆల్ప్స్ అంటే ఎక్కువగా వేసవి విడిదే. చలికాలం వస్తే చాలా హోటళ్లు మూతపడేవి. హెన్రీ ఆ సీజన్‌నే పట్టుకున్నారు. బ్రిటన్‌లోని పెద్ద స్కూళ్లలో చదివినవాళ్ల కోసం ఓ క్లబ్ పెట్టారు. దానిపేరు పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్. టూర్ ప్యాకేజీలో వెళ్లడం నామోషీ అనుకునే ఉన్నత వర్గాలు, క్లబ్ మెంబర్లుగా మాత్రం సంతోషంగా వెళ్లేవి. హోటళ్లకి హోటళ్లే బుక్ అయ్యేవి. మ్యూరెన్ అనే కొండ మీది ఊరికి 1910-11 చలికాలంలో రైలు నడిచేలా ఒప్పించింది కూడా ఆయనే. ఆ ఊరే తర్వాత కొడుకు కథలో కీలకం అయింది.

100 అడుగుల కిందికి..

ఆర్నాల్డ్ పదేళ్ల వయసులో, 1898లో ఫ్రాన్స్‌లోని షామోనీలో తొలిసారి స్కీలు కట్టుకున్నారు. తండ్రి తీసుకెళ్లిన గ్రూప్‌తోనే ఆయనా వెళ్లారు. ఆ తర్వాత హారో స్కూల్, ఆక్స్‌ఫర్డ్ చదువు. అయితే పుస్తకాల కంటే కొండల మీదే ధ్యాస ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో పర్వతారోహణ క్లబ్ పెట్టారు. 1908లో ఆల్పైన్ స్కీ క్లబ్‌ని స్థాపించారు. డిగ్రీ మాత్రం చేతికి రాలేదు.

1909 ఆగస్టులో బ్రిటన్‌లోని వేల్స్‌లో కేడర్ ఇద్రిస్ అనే కొండ ఎక్కుతుండగా పట్టుకున్న రాయి ఊడి వచ్చేసింది. సుమారు 100 అడుగుల కిందికి పడిపోయారు. ఒక కాలు ఎముక ముక్కలైంది. ఆ కాలు తీసేయాల్సిన పరిస్థితి దాకా వెళ్లింది. చివరికి కాలైతే దక్కింది గానీ, రెండోదాని కంటే అంగుళాల మేర పొట్టిదైపోయింది. గాయం ఏళ్ల తరబడి మానలేదు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లే.

మామూలుగా అయితే అక్కడితో కథ ముగిసిపోవాలి. ఆర్నాల్డ్ మాత్రం ఆ కాలితోనే మళ్లీ మంచు ఎక్కారు. 1917లో స్విట్జర్లాండ్‌లో 4,545 మీటర్ల ఎత్తున్న డోమ్ శిఖరాన్ని స్కీల మీద ఎక్కారు. ఆయనతో గైడ్ జోసెఫ్ క్నూబెల్ ఉన్నారు. స్కీలతో ఆ శిఖరం ఎక్కడం అదే తొలిసారి. 1924లో ఐగర్ శిఖరాన్నీ మరో ముగ్గురితో కలిసి అలాగే ఎక్కారు.

కప్పు పేరులో కాందహార్ ఎందుకు?

ప్రమాదం జరిగి ఏడాదిన్నర కూడా కాకముందే, 1911 జనవరిలో, స్విట్జర్లాండ్‌లోని మోంటానాలో ఆర్నాల్డ్ ఓ డౌన్‌హిల్ రేసు పెట్టించారు. అంటే కొండ మీది నుంచి కిందికి ఎవరు ముందు దిగితే వాళ్లే విన్నర్. అప్పట్లో లిఫ్టులు లేవు. పోటీదారులు ముందురోజే కొండెక్కి, పైనున్న గుడిసెలో రాత్రి పడుకుని, పొద్దున్నే జారడం మొదలుపెట్టారు. గెలిచినాయనకే గంట దాటింది!

ఆ కప్పు పేరు రాబర్ట్స్ ఆఫ్ కాందహార్. ఆఫ్ఘనిస్థాన్‌లోని కాందహార్ యుద్ధంతో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ జనరల్ లార్డ్ రాబర్ట్స్ ఆ కప్పు ఇచ్చారు. విచిత్రం ఏంటంటే, ఈయన పుట్టింది కాన్పూర్‌లో. మద్రాస్ సైన్యానికి కమాండర్‌గా కూడా చేశారు. అలా ఆల్ప్స్ మంచులో కాందహార్ పేరు నిలిచిపోయింది. 1924లో మ్యూరెన్‌లో ఆర్నాల్డ్ పెట్టిన క్లబ్‌కి కూడా అదే పేరు.

అసలు స్లాలమ్ అంటే ఏంటి?

ఆర్నాల్డ్ లన్ పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేది స్లాలమ్. ఆ మాట నార్వే వాళ్లది. కానీ ఇప్పుడు టీవీలో మనం చూసే స్లాలమ్ రేసు 1922 జనవరిలో మ్యూరెన్‌లో పుట్టింది.

అప్పటిదాకా మలుపు ఎంత అందంగా తిప్పారన్నదాన్ని బట్టి మార్కులు వేసేవాళ్లు. అది ఆర్నాల్డ్‌కి నచ్చలేదు. ఆల్ప్స్‌లో నిటారు వాలు, మధ్యలో చెట్లు, రాళ్లు. అక్కడ బతికి బట్టకట్టాలంటే అందం కాదు, టైంకి తిరగడం రావాలి. అందుకే చెట్లకి బదులు వాలు మీద జంటలు జంటలుగా జెండాలు పాతారు. ప్రతి జంట మధ్య నుంచీ వెళ్లాలి. స్టైల్‌కి మార్కుల్లేవు, గడియారమే జడ్జి. రూల్ చిన్నదే. ఇప్పటికీ స్లాలమ్ నడిచేది దాని మీదే.

అప్పట్లో స్కీలు ఉత్త చెక్కవే. గట్టి ఐస్ మీద పట్టు దొరికేది కాదు. 1926లో ఆస్ట్రియాకి చెందిన రుడాల్ఫ్ లెట్నర్ చెక్క అంచులకి ఉక్కు పట్టీలు బిగించి పేటెంట్ తీసుకున్నారు. దాంతో స్కీలు ఐస్‌ని కోసుకుంటూ తిరగడం మొదలైంది. ఉక్కు విలువ ఏంటో ఉక్కు నగరం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలా!

ఇన్‌స్ట్రక్టర్‌తో స్నేహం

రేసు ఉంటే సరిపోదు, నేర్పేవాళ్లు కావాలి. ఆస్ట్రియాలోని సెయింట్ ఆంటన్‌లో హానెస్ ష్నైడర్ అనే ఇన్‌స్ట్రక్టర్ ఉండేవారు. ఎవరికి ఎంత వచ్చో చూసి క్లాసులుగా విడగొట్టి, స్టెప్ బై స్టెప్ నేర్పడం ఆయన పద్ధతి. ముందు బ్రేక్ వేయడం. అంటే స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పిజ్జా ముక్క ఆకారంలో పెట్టి నెమ్మదిగా ఆగడం. అది వచ్చాకే మలుపులు. ఇప్పుడు ఏ స్కీ స్కూల్‌కి వెళ్లినా కొత్తవాళ్లకి దాదాపు ఇదే వరస.

ఆర్నాల్డ్, ష్నైడర్ కలిసి 1928లో సెయింట్ ఆంటన్‌లో ఆర్ల్‌బెర్గ్-కాందహార్ రేసు మొదలుపెట్టారు. 1930లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య డౌన్‌హిల్, స్లాలమ్‌లను గుర్తించింది. 1931లో మ్యూరెన్‌లోనే తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. మహిళలకీ చోటు దక్కింది. బ్రిటన్‌కి చెందిన 17 ఏళ్ల ఎస్మే మెకినన్ మహిళల డౌన్‌హిల్, స్లాలమ్ రెండూ గెలిచి అదరగొట్టింది.

హిట్లర్ ఒలింపిక్స్.. ఆగిన రేసు

1936లో జర్మనీలోని గార్మిష్‌లో వింటర్ ఒలింపిక్స్. ఆర్నాల్డ్ కన్న కల నిజమైన రోజు అది. డౌన్‌హిల్, స్లాలమ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చాయి. కానీ రెండు విషయాలు గొంతులో ముల్లులా మిగిలాయి. ఒకటి, డబ్బు తీసుకుని నేర్పుతారు కాబట్టి ఇన్‌స్ట్రక్టర్లు ప్రొఫెషనల్స్ అంటూ వాళ్లని ఆడనివ్వలేదు. దాంతో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పురుష స్కీయర్లు బాయ్‌కాట్ చేశారు. రెండోది, ఆ వేడుకంతా నాజీల ప్రచారమే. స్లాలమ్ రిఫరీగా ఆర్నాల్డ్ అక్కడే ఉన్నారు. బ్రిటన్ టీమ్ కెప్టెన్ ఆయన కొడుకు పీటరే. పోటీలో ఆడిన పీటర్, ప్రారంభ వేడుకలో మాత్రం నడవలేదు.

అసలు పరీక్ష రెండేళ్ల తర్వాత వచ్చింది. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే సెయింట్ ఆంటన్‌లో ఆర్ల్‌బెర్గ్-కాందహార్ రేసు జరగాలి. నాజీలంటే పడని ష్నైడర్‌ని అరెస్ట్ చేశారు. పదేళ్లుగా పెంచిన రేసు, అన్ని ఏర్పాట్లూ అయ్యాయి. అయినా ఆర్నాల్డ్ వెనకాడలేదు. స్నేహితుడు జైల్లో ఉంటే రేసు లేదని రద్దు చేసేశారు. ఓ అమెరికన్ బ్యాంకర్ చొరవతో ష్నైడర్ 1939లో అమెరికా చేరారు. అక్కడే న్యూ హాంప్‌షైర్‌లో స్కీయింగ్ నేర్పుతూ 1955లో కన్నుమూశారు.

వివాదాలూ ఉన్నాయ్

ఆర్నాల్డ్ చేసినవన్నీ అందరికీ నచ్చలేదు. మిషనరీ కొడుకై ఉండీ మతాన్ని ప్రశ్నిస్తూ పుస్తకాలు రాశారు. తర్వాత 1933లో కేథలిక్ అయ్యారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో పక్షాన నిలబడ్డారు. నాజీల్ని తప్పుబట్టినాయన ఫ్రాంకోని ఎలా సమర్థించారని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు.

స్కీయింగ్ విషయంలో మాత్రం ఆయనకి తిరుగు లేదు. బ్రిటిష్ స్కీ ఇయర్ బుక్‌ని దశాబ్దాల పాటు ఎడిట్ చేశారు. 1952లో సర్ బిరుదు వచ్చింది. 1974 జూన్ 2న లండన్‌లో 86 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన తండ్రి పెట్టిన కంపెనీ చేతులు మారి, లన్ పాలీ పేరుతో బ్రిటన్‌లో ట్రావెల్ షాపులుగా చాలాకాలం నడిచింది.

మనకేంటి సంబంధం?

2022లో బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ గుర్తుందా? ఇండియా నుంచి వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్. కశ్మీర్‌లోని గుల్మార్గ్ కుర్రాడు. ఆయన దిగిన రెండు రేసులు స్లాలమ్, జెయింట్ స్లాలమ్. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం వచ్చింది. స్లాలమ్‌లో మాత్రం మొదటి రౌండ్ పూర్తిచేయలేకపోయారు. ఆరోజు ఆయన ముందున్న జెండాల వరస, పక్కనున్న గడియారం.. వందేళ్ల క్రితం మ్యూరెన్‌లో కుంటి కాలితో నిలబడి, మద్రాసులో పుట్టిన ఓ మనిషి పెట్టిన రూలే.

కాబట్టి ఎప్పుడైనా గుల్మార్గ్‌కో, ఔలీకో, కుదిరితే ఆల్ప్స్‌కో గ్రూప్‌గా వెళ్తే, మొదటిరోజే పైనుంచి జారిపోవాలని తొందరపడకండి. ఇన్‌స్ట్రక్టర్ ముందు ఆగడం నేర్పితే విసుక్కోకండి. రేసులు కనిపెట్టిన ఆర్నాల్డ్ లన్, ఓ ఇన్‌స్ట్రక్టర్ కోసం తన రేసునే ఆపేశారు మరి.