డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథము. ఇంట కలిమి లేదు. చదువును మొదట సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి ఉత్తీర్ణుడయ్యెను.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. తుదకు సుబ్బారావునకు పూర్తి వైద్య పట్టము దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించెను.

ఆయన సోదరు లిద్దరు స్ప్రూ అను వ్యాధికి బలియైరి. ఆ వ్యాధి సోకినవారికి తిన్న అన్నము వంటబట్టదు. రక్తము నానాటికి క్షీణించును. నాటి వైద్యమున దానికి తగిన మందు లేదు.

1922లో సుబ్బారావు అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. జీవనార్థము ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసెను. ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను గూర్చిన వారి పరిశోధనలును ప్రసిద్ధములు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లెను. అచ్చట ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల రక్తహీనత దానితో నయమయ్యెను. తోబుట్టువులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి మందు దొరకెను!

కథ అంతటితో ముగియలేదు. ఫోలిక్ ఆమ్లపు జాతి మందు లిచ్చినపుడు రక్తపు క్యాన్సరు తగ్గుటకు మారుగా హెచ్చినట్లు బోస్టను వైద్యుడు ఫార్బరు గమనించెను. అట్లయిన దానికి విరోధియగు పదార్థము రోగమును అణచవలెను గదా! సుబ్బారావు బృందము అమినోప్టెరిన్ అను మందును తయారుచేసి యిచ్చెను.

అది పనిచేయు విధము వినదగినది. శరీరములోని రసాయనిక మార్పులను త్వరపరచు మాంసకృత్తులను ఎంజైములందురు. ఫోలిక్ ఆమ్లము ఒక ఎంజైము వలన రూపు మారిన పిదపనే కణములకు ఉపయోగపడును. చూచుటకు దానివలెనే యుండు అమినోప్టెరిన్ ఆ ఎంజైమును పట్టుకొని విడువదు. తాళములో మారు చెవి చిక్కుకొన్న యెడల అసలు చెవికి చోటుండునా? ఎంజైము పని ఆగును. అదుపు లేక పెరుగు కణముల వృద్ధియు ఆగును. 1948లో ఫార్బరు ఈ మందుతో కొందరు బాలలకు ఉపశమనము కలిగినట్లు ప్రకటించెను. ఆ మేలు కొంతకాలమే నిలిచినను, మందుతో రక్తపు క్యాన్సరును లొంగదీయవచ్చునను ఆశ లోకమున మొలకెత్తెను. దాని వంటిదే యగు మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజానును ఆయన ప్రయోగశాలలోనే పుట్టెను.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. మరల స్వదేశమును చూడలేదు. అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళను వెలువరించెను. పరీక్షలో తప్పిన బాలుడు, పట్టము దక్కని వైద్యుడు, లోకమునకు ప్రాణదాత యయ్యెను. బాలలారా! ఓటమి ఎదురైన దినమున ఈ మహనీయుని తలచుకొనుడు.