తలపై ముంత, చేతిలో చీపురు

షోలాపురం తెలుగువారికి పండరీపురం పరాయి ఊరు కాదు. విఠలుని దర్శనానికి వెళ్లినవారు అక్కడి ధర్మశాలలను చూసే ఉంటారు. వాటిలో కొన్నిటి వెనుక అక్షరం ముక్క రాని ఒక రజకుని జీవితం ఉన్నది. ఆయనే గాడ్గే బాబా.

మహారాష్ట్రలోని అమరావతి జిల్లా శేండ్‌గావ్‌లో 1876 ఫిబ్రవరి 23న ఆయన జన్మించారు. అసలు పేరు దేబూజీ ఝింగరాజీ జానోర్కర్. తండ్రిని మద్యం బలిగొనగా, తల్లి సఖూబాయి కుమారునితో పుట్టింటికి చేరినది. పశువులు కాస్తూ, మేనమామ పొలం దున్నుతూ దేబూజీ పెరిగారు. 1892లో కుంతాబాయితో వివాహమైనది. 1905 ఫిబ్రవరి 1న, ఇరవైతొమ్మిదవ ఏట, ఇల్లు విడిచి వెళ్లిపోయారు.

ఆనాటి నుండి ఆయనకు ఇల్లు లేదు. ఒంటిమీద అతుకుల బట్ట, చేతిలో చీపురు, తలపై మట్టి ముంత. ఎండకు గొడుగు, దాహానికి గ్లాసు, ఆకలికి కంచం అన్నీ ఆ ముంతే. మరాఠీలో దానిని గాడ్గే అంటారు. లోకం ఆ పేరే ఆయనకు పెట్టినది. ఏ ఊరు చేరినా ముందు వీధులు ఊడ్చేవారు, మురుగు తీసేవారు, పిదపనే రొట్టె అడిగేవారు. పని చేయకుండా తినడం ఆయనకు గిట్టదు. పిచ్చివాడని తరిమిన గడపలూ ఉన్నాయి, జొన్నరొట్టె మీద కాస్త కారం వేసి ముంతలో పెట్టిన గడపలూ ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని బాటసారికి పెట్టిన ఆ రొట్టె విలువ తిన్నవానికే తెలుస్తుంది. తరువాతి కాలంలో ఆయన చేసిన పనులన్నిటికీ మూలం అక్కడే ఉన్నదనిపిస్తుంది.

సాయంకాలం ఊడ్చిన చోటనే కీర్తన మొదలయ్యేది. ఆయన ప్రశ్నించేవారు, జనం జవాబు చెప్పేవారు. అప్పు చేయవద్దని, మద్యం ముట్టవద్దని, జంతుబలి మానమని, అంటరానితనం పాపమని ఆ జవాబులతోనే వారిచేత ఒప్పించేవారు. కీర్తన ముగిశాక జనం ఇచ్చిన సొమ్మును తనకోసం వాడుకొనేవారు కారు.

పండరీపురం యాత్రకు వచ్చే అస్పృశ్యులకు ఆ రోజులలో గుడిలోకే కాదు, సత్రాలలోకీ ప్రవేశం లేదు. విఠలుని కోసం వందల మైళ్లు నడిచివచ్చినవారు చంద్రభాగ ఇసుకలో పడుకునేవారు. చోఖామేళా అంతటి భక్తకవి సమాధి సైతం గుడి వెలుపలనే ఉన్నది. 1917-20 మధ్య, ఆ కవి పేరుతోనే గాడ్గే బాబా వారికొక ధర్మశాల కట్టించారు. ఆలయం వారికి తెరుచుకున్నది 1947లో, సానే గురూజీ నిరాహారదీక్ష అనంతరం. దేవుని తలుపుకన్న ముందే మనుషుల తలుపు తెరుచుకున్నదన్నమాట! 1949లో ఆ భవనాన్ని విద్యార్థుల కోసం డాక్టర్ అంబేద్కర్ నెలకొల్పిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి అప్పగించారు.

నాసిక్, దేహూ, ఆళంది క్షేత్రాలలోనూ ధర్మశాలలు లేచాయి. ధనికుల విరాళాలు కొన్ని, పేదల చిల్లర డబ్బులు కొన్ని, కూలి పుచ్చుకోకుండా మోసిన ఇటుకలు మరికొన్ని. ఎవరో కట్టినదానిలో ఇంకెవరో తలదాచుకునేవారు. జాతరలలో గుడ్డివారిని, కుంటివారిని, కుష్ఠురోగులను బంతి కూర్చోబెట్టి వడ్డించడం ఆయనకు పండుగ. తాను మాత్రం తన ముంతలోనే తిని, తన ధర్మశాలల వెలుపల చెట్టు నీడన పడుకునేవారు.

ఈ వైరాగ్యానికి మరో వైపూ ఉన్నది. 1923లో ఏకైక కుమారుడు గోవిందుడు మరణించిన వార్త కీర్తన మధ్యలో అందినా ఆయన కీర్తన ఆపలేదు. భక్తులు దీనిని గొప్పగా చెప్పుకుంటారు. గుడిసెలో కాలం గడిపిన కుంతాబాయికి మాత్రం ఆయన జీవితకథలలో దక్కిన చోటు బహు స్వల్పం.

ఆకలిగొన్నవారికి అన్నం, దప్పికగొన్నవారికి నీరు, బట్ట లేనివారికి బట్ట, ఇల్లు లేనివారికి నీడ. ఆయన బోధించిన పది సూత్రాలలో ఇవి కొన్ని. పూజ, వ్రతం ఆ పదింటిలో లేవు. చివరి సంవత్సరాలలో ఆయన దృష్టి యాత్రికుల నుండి రోగుల వైపు మళ్లినది. ముంబయిలో జె.జె. ఆసుపత్రికి వచ్చే పేదల బంధువుల కోసం ధర్మశాల ఏర్పడినది.

1956 డిసెంబర్ 20న, అంబేద్కర్ మరణించిన రెండు వారాలకు, అమరావతి సమీపాన వల్‌గావ్ వద్ద ప్రయాణంలోనే గాడ్గే బాబా కన్నుమూశారు. ముంబయి దాదర్‌లో ఆయన పేరిట నడుస్తున్న ధర్మశాలలో టాటా ఆసుపత్రికి వచ్చే కాన్సర్ రోగులు, వారి వెంట వచ్చినవారు తలదాచుకుంటున్నారు.